పరమాణుశక్తి – విద్యుదుత్పాదన

వీధిలో దీపము వెలిగించుటకును, పొలములో మోటారు తిప్పుటకును మనము వాడు విద్యుచ్ఛక్తి నీటినుండి పుట్టినను, బొగ్గునుండి పుట్టినను, పరమాణువునుండి పుట్టినను ఒక్కటే. కాని దానిని పుట్టించు కేంద్రము ఏ గ్రామము చెంత వెలయునో, ఆ గ్రామస్థులు ఈ భేదమును ఎరిగియుండుట అవసరము. శ్రీకాకుళము జిల్లా రణస్థలము మండలములోని కొవ్వాడ పరమాణు విద్యుత్కేంద్రమునకు స్థలముగా ఎన్నుకొనబడినది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియపు గని కలదు. కావున ఇది మన పంచాయతీ సభ్యులకు దూరపు సంగతి కాదు. ఈ శక్తి యెట్టిదో, దానివలన లాభమేమో, జాగ్రత్తపడవలసినదెచ్చటనో మేమిచ్చట సంగ్రహముగా తెలుపదలచితిమి.

నిప్పు వేరు, యంత్రమొక్కటే

విజయవాడ చెంతనున్న థర్మల్ కేంద్రములో బొగ్గును మండించి నీటిని ఆవిరి చేయుదురు. ఆవిరి టర్బైనును త్రిప్పును, టర్బైను జనరేటరును త్రిప్పును, విద్యుత్తు పుట్టును. పరమాణు కేంద్రములోను జరుగునది ఇదియే. బొగ్గుపొయ్యికి బదులు అచ్చట రియాక్టరు ఉండును.

యురేనియపు పరమాణు కేంద్రకమునకు న్యూట్రాను అను సూక్ష్మకణము తగిలినచో అది రెండుగా చీలునని 1938లో జర్మనీ శాస్త్రజ్ఞులు ఓటో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ చేసిన ప్రయోగములవలన బయటపడినది. చీలినపుడు వేడి పుట్టుటయే కాక, రెండు మూడు కొత్త న్యూట్రానులు వెలువడును. అవి మరికొన్ని కేంద్రకములను చీల్చును. ఒక గడ్డివామినుండి మరొక వామికి నిప్పు ప్రాకినట్లు ఈ క్రియ సాగును. న్యూట్రానులను పీల్చుకొను కడ్డీలను రియాక్టరులోనికి దించి ఈ క్రియను తగ్గింపవచ్చును, ఆపవచ్చును. పైకి తీసి పెంచవచ్చును.

ప్రకృతిలో దొరకు యురేనియము వేయిపాళ్లలో సుమారు 7 పాళ్లు మాత్రమే సులభముగా చీలు రకము. ఆ రకము ఒక కిలోగ్రాము పూర్తిగా చీలినచో వచ్చు వేడికి 2,500 టన్నులకు పైగా బొగ్గు కావలెను.

కేంద్రము బాంబువలె ప్రేలునా యని పలువురు అడుగుచుందురు. ప్రేలదు. బాంబునకు వలసినంత సాంద్రముగా చీలు పదార్థము విద్యుత్కేంద్రముల ఇంధనములో ఉండదు. అసలు భయము వేరొకటి కలదు. దానిని ముందు తెలిపెదము.

మన దేశములో

1956 ఆగస్టు 4న ట్రాంబేలో ‘అప్సర’ అను పరిశోధన రియాక్టరు పనిచేయ నారంభించినది. 1969లో తారాపూరు కేంద్రము విద్యుత్తు నందించుటతో దేశములో పరమాణు విద్యుదుత్పాదన మొదలైనది. తరువాత రావత్‌భాటా, కల్పాక్కము, నరోరా, కాక్రపార, కైగా, కూడంకుళములందు కేంద్రములు వెలసినవి. వీనిలో అధికభాగము రియాక్టరులు భారజలమును వాడునవి. ఆ భారజలము తెలంగాణలోని మణుగూరులోను తయారగుచున్నది. ఇంధన కడ్డీలను 1971లో హైదరాబాదులో నెలకొల్పిన సంస్థ తయారుచేయుచున్నది.

దేశములో ఉత్పత్తియగు విద్యుత్తులో దీని వంతు నూటికి సుమారు 3 పాళ్లే. అయినను సూర్యుడు అస్తమించినను, జలాశయమెండినను ఇది ఆగదు. కైగాలోని ఒక రియాక్టరు 2016 మే నుండి 2018 డిసెంబరు వరకు 962 దినములు నిర్విరామముగా నడిచినది. పొగయు లేదు. కాని నిర్మాణమునకు వ్యయము మిక్కుటము. ఏండ్ల తరబడి పట్టును.

బూడిద సంగతి

అసలు భయము పొయ్యిలో మిగులు బూడిదను గూర్చి. వాడిన ఇంధనము తీవ్రమైన రేడియో ధార్మికత గలది. దానిలోని అయొడిను 8 దినములలో సగమగును. సీసియము 30 ఏండ్లలో. ప్లుటోనియము 24,000 ఏండ్లలో. రియాక్టరును ఆపినను ఇంధనము వేడిని వెలువరించుచునే యుండును; నీటితో చల్లార్చుచుండవలెను. 2011లో జపానులోని ఫుకుషిమాలో భూకంపము రాగానే రియాక్టరులు ఆగినవి. కాని సునామీ వచ్చి, నీటిని త్రిప్పు పంపులకు విద్యుత్తు లేకుండ చేయుటచే ఇంధనము కరగినది; వేలాది ప్రజలు ఊళ్లు విడువవలసివచ్చెను. 1986లో చెర్నోబిల్‌లోను ఊళ్లు ఖాళీయైనవి.

గనికిని ఇట్టి సమస్య కలదు. రాతిని పిండిచేసి యురేనియము తీసిన పిదప మిగిలిన బురదను చెరువువంటి గుంటలో నిలుపుదురు. తుమ్మలపల్లె పరిసర గ్రామముల రైతులు తమ బావుల నీరు, పైరులు చెడుచున్నవని ఫిర్యాదుచేసిరి.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

2006 నాటి పర్యావరణ ప్రకటన ననుసరించి పరమాణు విద్యుత్కేంద్రమునకు అనుమతి నిచ్చుటకు ముందు బహిరంగ విచారణ జరుపవలెను. దానికి కనీసము 30 దినముల ముందు ప్రకటన చేయవలెను. నివేదిక సారాంశము తెలుగులోను లభింపవలెను. సభాంతమున, నమోదుచేసిన అభిప్రాయముల సారాంశమును స్థానిక భాషలో చదివి వినిపింపవలెను. వినిపించు వరకు సభ్యులు కదలరాదు. చెప్పిన మాట కాగితముపై ఉన్నదో లేదో అప్పుడే తెలియును.

అడుగవలసిన ప్రశ్నలివి: వాడిన ఇంధనమును ఎచ్చట, ఎంతకాలము ఉంచెదరు? సముద్రములో విడుచు వేడినీటివలన చేపలవేటకు నష్టమెంత? భూమి, ఇల్లు కోల్పోవువారికి పరిహారమును, జీవనోపాధియు ఎప్పుడు లభించును? ఆపద వచ్చినచో జనులు ఏ దారిన పోవలెను, ఆ దారి వెడల్పెంత?

మరియొక పని ఎవరి అనుమతికొరకును వేచియుండ నక్కరలేదు. పనులు మొదలుకాకముందే గ్రామములోని బావులు, బోర్ల నీటిని పరీక్షింపించి, ఆ ఫలితములను పంచాయతీ రికార్డులో భద్రపరుపవలెను. నీరు మునుపెట్లుండెనో వ్రాసియుంచనిచో, తరువాత అది చెడినదని ఋజువు చేయుటయు, చెడలేదని నమ్ముటయు కష్టమే యగును.