వార్తల్లో పదం: మాట్లాడే రికవరీ

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. జనగామలోనైనా భూపాలపల్లిలోనైనా, పాత కంప్యూటర్‌కు కొత్త ఓఎస్ వేసుకోవడం చూపున్నవాళ్లకు పూట పని. చూపు లేనివాళ్ల చిక్కు వేరు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ కూడా ఆ ఓఎస్ మీదే నడుస్తుంది. ఓఎస్ పడిపోతే గొంతూ పోతుంది. ఉచితంగా దొరికే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ తెలుగు కూడా చదువుతుంది గానీ, ఓఎస్ పాడైనప్పుడు వచ్చే రికవరీ తెర దాకా రాదు.

అక్కడ దిక్కు విండోస్‌లోనే ఉండే స్క్రీన్ రీడర్ నెరేటర్. ఇన్‌స్టాల్ తెర వచ్చాక కంట్రోల్, విండోస్, ఎంటర్ కలిపి నొక్కితే పలుకుతుంది. సౌండ్ డ్రైవర్ దొరక్కపోతే మౌనమే. డెబియన్ లినక్స్ పద్ధతి నాకు ముచ్చటేస్తుంది: పెన్‌డ్రైవ్ నుంచి మెషిన్ లేవగానే బీప్ వినిపిస్తుంది. ఎస్ నొక్కి ఎంటర్ కొడితే, అక్కడి నుంచి ప్రతి ప్రశ్నా చదివి వినిపిస్తుంది.

రోజువారీ ఎలక్ట్రానిక్ వస్తువులు అందరూ వాడగలిగే డిజైన్‌లో దొరికేలా ప్రభుత్వాలు చూడాలంటుంది 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం. ఓఎస్ కంటే ముందు వచ్చే బయోస్ తెర మాత్రం చాలా కంప్యూటర్లలో ఇప్పటికీ మూగదే. మెషిన్ ముందు దేని నుంచి లేవాలో చెప్పే బూట్ ఆర్డర్ మార్చాలంటే పక్కింటి పిల్లాణ్ని కేకేయాల్సిందే.