ఇల్లు తర్వాత, ముందు పేట చూడండి!

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. "అద్దెకివ్వడానికి ఇల్లు కొని చూడు" అని నేను కలుపుతాను. హైదరాబాద్‌లో గొప్ప పేరున్న ప్రాంతంలో ఆశపడి కొన్న నా ఫ్లాట్ ఒకసారి ఐదు నెలలు ఖాళీగా పడి ఉంది. బ్యాంకు వాయిదా మాత్రం ఒక్క నెల కూడా ఆగలేదు! యాంగోన్‌లో కొందామా అని అడుగుతున్న మిత్రులకు ఆ అనుభవంతోనే ఈ నాలుగు మాటలు.

మొదట చట్టం. 1987 చట్టం ప్రకారం విదేశీయులు ఇక్కడ స్థిరాస్తి కొనకూడదు. 2016 కాండోమినియం చట్టం తలుపు కొద్దిగా తెరిచింది. కాండోగా రిజిస్టరైన భవనంలో 40 శాతం వరకు విదేశీయులు కొనవచ్చు. మామూలు అపార్ట్‌మెంట్లకు ఇది వర్తించదు. స్నేహితుల పేరు మీద కొనే సాహసం అసలే వద్దు.

ఇక పేట సంగతి. బహన్‌లోని గోల్డెన్ వ్యాలీ సంపన్నుల పేట. అద్దె ఘనమే కానీ, అంత ఇవ్వగల విదేశీయులు 2021 తర్వాత ఎందరో వెళ్ళిపోయారు. ఊరి చివర ఫ్యాక్టరీల మధ్య లైంగ్‌తాయాలో ధర తక్కువ. అయితే ఫ్యాక్టరీ మూతపడితే అద్దె కూడా ఆగుతుంది. నడుమన సాన్‌చౌంగ్, హ్లెదాన్ లాంటివి ఉన్నాయి. బజారు, బస్సులు దగ్గర. హ్లెదాన్ పక్కనే యూనివర్సిటీ. ఉద్యోగులు, విద్యార్థులు, చిన్న కుటుంబాలు... ఒకరు ఖాళీ చేస్తే మరొకరు వస్తారు.

పిల్లలూ, ఈ లెక్క మీకే! అంకెలు ఉదాహరణకే సుమా. కోటి పెట్టి కొన్న ఇంటికి నెలకు 50 వేలు అద్దె. 50 లక్షల ఇంటికి 25 వేలు. ఏడాదికి రెండూ 6 శాతమే కదా? మొదటిది నాలుగు నెలలు ఖాళీగా ఉంటే 4 శాతానికి దిగుతుంది. రెండోది ఒక్క నెలే ఖాళీ అయితే 5.5 శాతం నిలుస్తుంది. అమ్మానాన్నలకు చేసి చూపించండి.

కొనేముందు వానాకాలంలో ఒకసారి, కరెంటు పోయిన రాత్రి ఒకసారి ఆ వీధికి వెళ్ళండి. నీళ్ళు నిలుస్తున్నాయా, జనరేటర్ లిఫ్టును నడుపుతోందా, కళ్ళారా చూడండి.

చివరిగా ఒక్క మాట. 1942లో యుద్ధం వచ్చినప్పుడు, 1964లో దుకాణాల జాతీయీకరణ తర్వాత, ఎందరో తెలుగువారు ఇక్కడ ఉన్నదంతా వదిలి వెళ్ళిపోయారు. అందుకే ఎంత మంచి పేట అయినా, పిల్లల చదువుకు దాచిన సొమ్ము మాత్రం ఇందులో పెట్టకండి.