నిజాం సింహాసనం కారు: కదలని ఇంజనుకు పట్టే జబ్బులు

బోనకల్ మీదుగా వెళ్లే కాజీపేట–విజయవాడ రైలుమార్గం నిజాం ప్రభుత్వ హయాంలో వేసినది. 1889లో బెజవాడ చేరిన ఆ పట్టాల మీద ఇప్పటికీ బండ్లు ఆగకుండా తిరుగుతున్నాయి. అదే నిజాముల ఇంట ఒక మోటారు కారు మాత్రం దాదాపు కదలకుండానే ముసలిదైంది.

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్తే దాన్ని చూడవచ్చు. పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్, 1912 నాటిది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చారు. బండి చేతికందక ముందే, 1911 ఆగస్టులో ఆయన కన్నుమూశారు. దాంతో అది కొడుకు ఉస్మాన్ అలీఖాన్‌కు దక్కింది. ఆ రోజుల్లో రోల్స్ రాయిస్ ఛాసీ, ఇంజను మాత్రమే అమ్మేది; పైబాడీ వేరేవాళ్లు కట్టేవారు. దీనికి లండన్‌లోని బార్కర్ కంపెనీ కట్టింది. వెనక ప్రభువు కూర్చునే సీటును సింహాసనంలా ఎత్తుగా అమర్చారు. ఊరేగింపుల బండి కాబట్టి దశాబ్దాల పాటు ఉన్నా మొత్తం తిరిగింది 356 మైళ్లేనని చెబుతారు. అంటే 573 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి బోనకల్ వచ్చి తిరిగి వెళ్లినా నాలుగు వందలు దాటుతుంది!

నన్ను ఆలోచింపజేసేది ఈ అంకే. ఎందుకంటే ఈ మోడలుకు పేరొచ్చిందే ఆగకుండా తిరిగినందుకు. 1907లో ఒక సిల్వర్ ఘోస్ట్‌ను లండన్, గ్లాస్గోల మధ్య అదేపనిగా నడిపి 15,000 మైళ్లు పూర్తి చేశారు. అందులో 14,371 మైళ్లు చెడిపోయి ఆగిందే లేదు. తర్వాత విప్పి చూసి, అరిగిన భాగాలను మళ్లీ కొత్తవాటిలా చేయడానికి అయిన ఖర్చు రెండు పౌన్లు చిల్లర. ఏడు లీటర్లు దాటిన ఆరు సిలిండర్ల ఇంజను, క్రాంకును మోసే ఏడు బేరింగులు, వాటికి ఒత్తిడితో నూనె అందించే పంపు: ఈ ఓర్పు రహస్యం ఇదే. ఇంజను తిరిగేటప్పుడు లోహం లోహాన్ని తాకదు. నడుమ నూనె పొర ఉంటుంది.

ఇంజను ఆగితే ఆ పొర మెల్లగా కిందికి జారిపోతుంది. సిలిండరు గోడ గాలికి బయటపడుతుంది. వానాకాలపు తేమ చాలు, తుప్పు మొదలై పిస్టను రింగులను గోడకు కరిపించేస్తుంది. ఏళ్ల తరబడి షెడ్డులో వదిలేసిన ఆయిల్ ఇంజను పట్టేస్తే హ్యాండిల్ తిరగక అవస్థ పడిన రైతుకు ఇది కొత్త సంగతి కాదు. పెట్రోలు గాలితో కలిసి జిగురుగా మారి కార్బురేటరు సన్నని రంధ్రాలను పూడ్చేస్తుంది. ఇంజనును చల్లబరిచే నీటి దారుల్లో తుప్పు పేరుకుంటుంది. ఒకేచోట బరువు మోసిన టైర్లు చదునుబారి గట్టిపడతాయి. నిప్పురవ్వ పుట్టించే మ్యాగ్నెటోలో తీగచుట్ల మీది లక్క పూతకు తేమ చేటు.

అందుకే ఇలాంటి బండిని బాగుచేసేవారు తొందరపడి హ్యాండిల్ తిప్పరు. ముందు సిలిండర్లలో పలుచని నూనె పోసి రోజుల తరబడి నానబెడతారు. బలవంతపెడితే రింగు విరుగుతుంది. అలాంటి రింగు బజారులో దొరకదు, ప్రత్యేకంగా చేయించుకోవాలి. పైబాడీ చెక్క చట్రంలో పుచ్చిన ముక్కను మాత్రమే తీసి కొత్తది అతుకుతారు. ఎంత ఎక్కువగా మార్చితే అంతగా అది నకలు బండి అవుతుంది. ఈ సంయమనమే పునరుద్ధరణలో అన్నిటికన్నా కష్టమైన నైపుణ్యమని నా నమ్మకం.

బాగయ్యాక కూడా బండిని తిప్పుతుండాలి. ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే మేలుకన్నా కీడే ఎక్కువ. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. ఇంజను పూర్తిగా వేడెక్కితే అది పొగగొట్టం గుండా పోతుంది. చల్లగా ఉండగానే ఆపితే కొంత ఆవిరి లోపలే నీరై నూనెలో కలుస్తుంది, సైలెన్సరును తినేస్తుంది. ఇంట్లో పాత అంబాసిడర్ ఉన్నవారు దాన్ని స్టార్ట్ చేసిన ప్రతిసారీ, ఇంజను బాగా కాగేదాకా రోడ్డు మీద నడిపి తీసుకురావాలి.