రాకాసి గుళ్ళలోని యెముకలు

మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములు మూడును పూర్వపు కరీంనగరు జిల్లాలోనివి. ఆ జిల్లాయందును, దాని సరిహద్దు సీమలయందును కొన్నిచోట్ల పొలముల నడుమ వలయాకారముగ నిలిపిన పెద్ద బండరాళ్ళు కానవచ్చును. జనులు వీనిని రాకాసి గుళ్ళందురు. అంతటి రాళ్ళను మనుష్యు లెత్తజాలరని తలచి మన పెద్దలు వానిని రాక్షసుల కంటగట్టిరి. కాని యవి రాక్షసుల కట్టడములు కావు. ఇనుమును కరగింప నేర్చిన మనుష్యుల సమాధులు. సుమారు 2,000 మొదలు 3,000 సంవత్సరముల క్రిందటి జనులు తమ మృతులను రాతిపలకల గదులలో నుంచి, చెంత కుండలను, ఇనుప పనిముట్లను పెట్టి, పైని రాళ్ళను నిలిపిరి.

జగిత్యాల జిల్లాలోని కోటిలింగాల యందు దొరకిన నాణెములు శాతవాహన రాజుల పేర్లను మనకు తెలిపినవి. కాని యీ సమాధులలోని వారు నాణెములు ముద్రించినవారు కారు, శాసనములు వ్రాయించినవారును కారు. వారెవరి సంతతి? ఎచ్చటనుండి వచ్చిరి? వారి రక్తము నేడు మనలో నున్నదా? ఈ ప్రశ్నలకు సాక్ష్యము చెప్పగలవి వారి యెముకలే. ఆ సాక్ష్యమును చదువు విద్యయే ప్రాచీన డి.ఎన్.ఏ. శాస్త్రము.

డి.ఎన్.ఏ. యనగా నేమి? మన దేహమందలి జీవకణములలో మిక్కిలి సన్నని పేనిన దారమొకటి కలదు. దానిపై ఎ, టి, జి, సి యను నాలుగే అక్షరములు మార్చి మార్చి వ్రాయబడి యుండును. తల్లినుండి వచ్చిన ప్రతిలోను, తండ్రినుండి వచ్చిన ప్రతిలోను ఒక్కొక్కదానియం దిట్టి అక్షరముల జతలు సుమారు 300 కోట్లు. తాతముత్తాతలనుండి మనకు సంక్రమించిన గ్రంథ మిదియే.

ప్రాణి జీవించి యున్నంతకాలము ఈ దారము తెగినచోట దేహమే దానిని అతుకుచుండును. మరణానంతరము అతుకువారు లేరు. నీరు, వేడిమి, సూక్ష్మజీవులు దానిని తునకలు చేయును. వేల సంవత్సరములకు మిగులునవి తరచుగ నూరక్షరములకైన చాలని ముక్కలు. సిరిసిల్ల మగ్గములను చూచిన బాలుర కొక యుపమానము చెప్పెదను. ఒక చీర చినిగి వేలకొలది పేలికలయ్యె ననుకొనుడు. అట్టి నేతగల మంచి చీర యొకటి చేత నున్నచో, ఒక్కొక్క పేలికను దానిపై నుంచి, ఇది అంచుది, ఇది కొంగుది యని పోల్చవచ్చును. శాస్త్రజ్ఞులును పాత ముక్కలను నేటి మానవుని పూర్ణ గ్రంథముతో నిట్లే పోల్చి వరుస పెట్టుదురు. ఈ పని యంతయు నేడు యంత్రములు, గణకములు చేయుచున్నవి.

అయితే గొప్ప చిక్కొకటి కలదు. ఎముకను వట్టిచేతులతో ముట్టినను, దానిపై దగ్గినను, మన డి.ఎన్.ఏ. దాని కంటుకొనును. పాతది కొంచెము, చెడినది. క్రొత్తది యధికము, చక్కనిది. కావున క్రొత్తదే ముందు పలుకును. 1994లో 8 కోట్ల సంవత్సరముల నాటి యెముకనుండి డి.ఎన్.ఏ. లభించినదని యొక ప్రకటన వెలువడి లోకము నాశ్చర్యపరచెను. మరుసటి సంవత్సరమే అది మానవుని డి.ఎన్.ఏ. యని తేలిపోయెను!

అందుచేత నేటి పరిశోధకులు నిలువెల్ల కప్పు దుస్తులు, ముసుగు, చేతితొడుగులు ధరించి, ప్రత్యేకముగ శుద్ధిచేసిన గదిలోనే యెముకను ముట్టుదురు. దంతమునో, లోపలిచెవిని చుట్టియుండు కపాలపుటెముకనో ఎన్నుకొందురు. ఈ యెముక మిక్కిలి గట్టిది గనుక లోని దారమును చిరకాలము కాపాడును. దానినుండి చిటికెడు పొడిని తీసి, ద్రావకములో కరగించి, డి.ఎన్.ఏ.ను వేరుచేయుదురు. అది నిజముగ ప్రాచీనమైనదో కాదో తెలిసికొనుట కొక గురుతు కలదు. కాలక్రమమున సి యను అక్షరము చెడి టి వలె చదువబడును. ఈ మార్పు ముక్కల కొనలయందు హెచ్చు. ఆ చెడుగుయే ప్రాచీనతకు ముద్ర! ఇట్టి పద్ధతులను నెలకొల్పి, 2010లో నియాండర్తల్ మానవుని గ్రంథమును తన సహచరులతో గూడి చదివిన స్వాంటే పాబో పండితునకు 2022లో నోబెల్ బహుమాన మొసగబడెను.

ఈ విద్యలో మన హైదరాబాదునకును స్థానము కలదు. అచ్చటి సి.సి.ఎం.బి. పరిశోధనాలయము రెండు గొప్ప పరిశోధనలలో పాలుగొనెను. మొదటిది హిమాలయములలోని రూప్‌కుండ్ సరస్సుది. అచ్చట పడియున్న యెముకలన్నియు ఒక్క తుపానులో మరణించిన యొకే యాత్రికుల గుంపువని పలువురు నమ్మిరి. 38 మంది డి.ఎన్.ఏ.ను చదివి 2019లో ప్రకటించిన ఫలితము వేరు. వారిలో 23 మంది మన దేశపు జనులను పోలినవారు, 14 మంది తూర్పు మధ్యధరా ప్రాంతమువారు, ఒకరు ఆగ్నేయాసియావారు. కాలమును పరీక్షింపగా ఆ 23 మంది క్రీ. శ. 800 ప్రాంతమువారనియు, తక్కినవారు దాదాపు వేయి సంవత్సరముల తరువాతివారనియు తేలెను.

రెండవది హర్యానాలోని రాఖీగఢీ. అది హరప్పా నాగరికత నాటి మహానగరము. అచ్చట 61 యెముకల నమూనాలను పరీక్షింపగా, సుమారు 4,500 సంవత్సరముల నాటి యొక్క స్త్రీ యెముక మాత్రమే చదువదగిన సాక్ష్య మిచ్చెను. ఇదియు 2019లోనే ప్రకటితమయ్యెను. మంచుసరస్సు 38 మందిని భద్రపరచెను. ఎండసీమ 61 నమూనాలలో నొక్కదానినే మిగిల్చెను. ఈ భేదమునకు కాలముతోపాటు వేడిమియు ముఖ్య కారణము.

ఇక మన సంగతి యోచింపుడు. వేసవిలో జగిత్యాల యెండ 45 డిగ్రీలను దాటుట కలదు. ఇట్టి నేలలో 2,000 సంవత్సరములు నిలిచిన యెముక యెంత యరుదైనదో వేరుగ చెప్పనేల? 2017లో సిద్దిపేట జిల్లా నర్మెట్టయందు పురావస్తు శాఖవారు పెద్ద మూతబండగల సమాధిని త్రవ్విరి; అందలి యెముకలు డి.ఎన్.ఏ. పరీక్షకై సి.సి.ఎం.బి.కి చేరెను. కాని యట్లు జాగ్రత్తగ త్రవ్వబడినవి కొన్ని. నాగటి క్రిందను, రాతి గనుల పనిలోను, నిధి కలదను దురాశచేతను చెడిపోయినవి పెక్కు. కాల్చిన గ్రంథమునకు మరియొక ప్రతి యుండవచ్చును. నలిగిన యెముకకు ప్రతి లేదు.

ఒక మాట మరువరాదు. డి.ఎన్.ఏ. మృతుని పేరు చెప్పదు. అతడు మాటలాడిన భాష చెప్పదు. ఎవరు గొప్ప, ఎవరు తక్కువ యని యసలే చెప్పదు. భారతీయులలో దాదాపు అందరును పలు ప్రాచీన జనుల కలయికవలన పుట్టినవారేయని 2009లో సి.సి.ఎం.బి. పండితులును, అమెరికా పండితులును కలిసి ప్రకటించిన పరిశోధన తేల్చినది.

విద్యార్థులారా! మీ పొలములో బావి త్రవ్వునపుడో, దున్నునపుడో రాతిపలక క్రింద పాతకుండలు గాని, యెముకలు గాని బయల్పడినచో పని నిలుపుడు. వానిని ముట్టకుడు, కడుగకుడు, ఎండబెట్టకుడు. కదలింపక యున్నచోటనే ఛాయాచిత్రము తీసి, మీ యుపాధ్యాయులకు, తహసీల్దారుకు, పురావస్తు శాఖవారికి తెలుపుడు. తలిదండ్రులును తమ పిల్లల యీ మాటను త్రోసివేయరాదని మనవి. ఆ రాళ్ళక్రింద నున్నవాడు రాక్షసుడు కాడు. ఒక తల్లి కన్నబిడ్డ. తనవారు కన్నీటితో నచ్చట పండుకొనబెట్టిన ఆ మనుష్యుడు మనతో చెప్పదగిన మాట యొక్కటి మిగిలియున్నచో, దానిని చెరుపకుండుట మన ధర్మము.