రాజమండ్రి గోదావరి గట్టు మీద ఒక రోజు నడక: ఒక్క ఛార్జ్‌తో ఫోన్ ఎంతవరకు తోడొచ్చింది?

ఫోన్ రివ్యూ అంటే మనం ఎక్కువగా నాలుగు గోడల మధ్యే చేసేస్తాం. వీడియో లూప్‌లో పెట్టి బ్యాటరీ చూస్తాం, బాల్కనీలో పూలకుండీని ఫొటో తీసి కెమెరా బాగుందంటాం. కానీ ఒక ఊరు నడిచి చూడాలని బయల్దేరితే కథ వేరు. అప్పుడు మ్యాప్, కెమెరా, పర్సు, టార్చిలైట్ అన్నీ ఆ ఒక్క ఫోనే. అందుకే ఈసారి పవర్ బ్యాంక్ లాడ్జిలోనే వదిలేసి, ఒక్క ఫోన్‌తో రాజమండ్రి గోదావరి గట్టు, దాని వెనక పాత సందులు పొద్దున్నుంచి రాత్రిదాకా తిరిగాను. ఫోన్ రూ. 20 వేల లోపుది. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ, 50 ఎంపీ మెయిన్ కెమెరా, 8 ఎంపీ అల్ట్రావైడ్, ఐపీ54 రేటింగ్. మీలో చాలామంది చేతిలో ఉండే రకమే.

ఇందులో నా సొంత పని కూడా ఒకటుంది. అమ్మ పుట్టి పెరిగింది ఇక్కడే. 1978లో పెళ్లై హైదరాబాద్ వచ్చేసింది. ఇప్పుడు మోకాళ్లు అరిగిపోయి రైలెక్కే ఓపిక లేదు. "ఒరేయ్, ఆ ఫోన్లేవో టెస్ట్ చేస్తుంటావుగా, మా రేవు ఒకసారి చూపించరా" అంది. సరేనన్నాను.

బయల్దేరే ముందు

రాత్రే మూడు పనులు చేశాను. ఒకటి, ఊరి మ్యాప్ ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకున్నాను. జీపీఎస్‌కి ఇంటర్నెట్ అక్కర్లేదు, మ్యాప్ బొమ్మలకే కావాలి. అవి ముందే ఫోన్‌లో ఉంటే డేటా ఆఫ్ చేసినా మనం ఎక్కడున్నామో తెలుస్తుంది. రెండు, కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్, గ్రిడ్ లైన్స్ ఆన్ చేశాను. మూడు, అమ్మ చెప్పిన గుర్తులన్నీ నోట్స్‌లో రాసుకున్నాను. ఈ మూడోదే అన్నిటికన్నా పనికొచ్చింది. ఎందుకో తర్వాత చెప్తాను.

ఉదయం 6:00, బ్యాటరీ 100%

గోదావరి స్టేషన్ పక్క నుంచి పుష్కర ఘాట్‌కి వెళ్లాను. జనవరి మొదటి వారం కాబట్టి నది మీద పల్చగా మంచు ఉంది. ఇక్కడ ఫొటోలు తీసేవాళ్లు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. రాజమండ్రి గోదావరికి తూర్పు ఒడ్డున ఉంది, ఎదుటి ఒడ్డున కొవ్వూరు. అంటే సూర్యుడు మన వీపు వెనక, ఊరి మీదుగా లేస్తాడు. నది మీద సూర్యోదయం ఫొటో కావాలని వస్తే దొరకదు. దానికి బదులు బ్రిడ్జిల మీద, పడవల మీద వెలుగు సూటిగా పడుతుంది. వంతెన వివరాలు బాగా రావాలంటే ఇదే టైమ్. నది మీద సూర్యుడు కావాలంటే సాయంత్రం దాకా ఆగాలి.

ఇక్కడ ముందు చూడాల్సింది హేవలాక్ బ్రిడ్జి. 1900లో రైళ్లు మొదలైన ఈ పాత వంతెనకి అప్పటి మద్రాసు గవర్నర్ పేరు పెట్టారు. 56 స్పాన్లు, రెండున్నర కిలోమీటర్లకు పైగా పొడవు. 1997లో దీని మీద రైళ్లు ఆపేశారు. ఆ పని ఇప్పుడు విల్లుల్లాంటి ఆర్చ్‌లున్న కొత్త బ్రిడ్జి చేస్తోంది. దానివి 28 ఆర్చ్‌లు. ఇవి కాక 1974లో వచ్చిన రోడ్డు-రైలు వంతెన ఒకటి, నాలుగు కిలోమీటర్ల పైమాటే.

ఇంత పొడవున్న వంతెన కనబడగానే చెయ్యి అల్ట్రావైడ్ మీదికి పోతుంది. ఆగండి. అల్ట్రావైడ్‌లో బ్రిడ్జి మొత్తం పడుతుంది కానీ దారంలా సన్నగా కనిపిస్తుంది. ఆ చిన్న సెన్సార్‌కి పొద్దున్నే ఉండే తక్కువ వెలుతురు చాలక మసక కూడా వస్తుంది. మెయిన్ కెమెరాలో 2ఎక్స్ పెట్టి, నాలుగైదు స్తంభాలు వరసగా దూరమవుతున్నట్టు తీస్తే బ్రిడ్జి పొడవు తెలిసింది. తీసే ముందు లెన్స్ తుడవండి. నదిఒడ్డు తేమకి నా మొదటి పది ఫొటోలూ పాడయ్యాయి.

ఇంకో మాట. రేవులో స్నానాలు చేసేవాళ్లుంటారు, పెద్దలకి పిండాలు పెట్టేవాళ్లుంటారు. వాళ్ల వైపు కెమెరా తిప్పకండి. మెట్ల మీద నాచు ఉంటుంది, జాగ్రత్త. ఐపీ54 అంటే నీటి తుంపర్లు పడితే తట్టుకుంటుందని మాత్రమే. ఫోన్ నీళ్లలో పడితే ఆ రేటింగ్ మిమ్మల్ని కాపాడదు. మెడలో వేసుకునే తాడు వంద రూపాయలకే దొరుకుతుంది.

ఉదయం 9:30, బ్యాటరీ 81%

టిఫిన్‌కి పెసరట్టు ఉప్మా. చిన్న బండి, గోడకి క్యూఆర్ కోడ్ ఉంది, కానీ నాకు నెట్‌వర్క్ అందక పేమెంట్ తిరుగుతూనే ఉంది. వెనక నలుగురు నిలబడ్డారు. చివరికి జేబులో ఉన్న నోటే గట్టెక్కించింది. ఇలాంటి రోజుల్లో రెండు మూడొందలు చిల్లరగా పెట్టుకోండి.

అక్కడి నుంచి కోటగుమ్మం మీదుగా పాత సందుల్లోకి వెళ్లాను. అమ్మ చెప్పిన వీధి పేరు మ్యాప్‌లో కొడితే ఎక్కడో రెండు కిలోమీటర్ల అవతల పిన్ చూపించింది. రెండు మేడల మధ్య ఇరుకు సందుల్లో నీలం చుక్క కూడా నిలకడగా ఉండదు. ఆకాశం సరిగ్గా కనబడకపోతే శాటిలైట్ సిగ్నల్ గోడలకి తగిలి వంకరగా అందుతుంది, అది ఫోన్ తప్పు కాదు. నోట్స్ తెరిచి, ఒక షాపు అరుగు మీద పేపర్ చదువుతున్న పెద్దాయనకి అమ్మ గుర్తులు చదివి వినిపించాను.

"ఆయ్, అదాండీ! ఆ పేరుతో ఇప్పుడెవరూ పిలవట్లేదండీ. నల్లమందు సందు దాటేసి ఎడం పక్కకి తిరగండి. వేపచెట్టు మాత్రం లేదండోయ్" అన్నారు.

వేపచెట్టే కాదు, ఇల్లు కూడా లేదు. ఆ స్థలంలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంది. ఫొటో తీసి అమ్మకి పంపుదామా వద్దా అని కాసేపు ఆలోచించి, పంపలేదు. మ్యాప్‌లో ఆ చోట పిన్ పెట్టి, అమ్మ చెప్పిన పాత పేరుతో సేవ్ చేసుకున్నాను.

మధ్యాహ్నం 12:30, బ్యాటరీ 60%

ఈ సందుల్లోనే కందుకూరి వీరేశలింగం ఇల్లు ఉంది, ఇప్పుడు మ్యూజియంగా ఉంచారు. తెలుగునాట మొదటి వితంతు వివాహం ఆయన 1881 డిసెంబరు 11న ఈ ఊళ్లోనే జరిపించారు. ఎంత గొడవ జరిగి ఉంటుందో, ఈ ఇరుకు వీధుల్లో నడుస్తుంటే ఊహకి అందుతుంది. ఇక్కడ ఎదురిల్లంటే చెయ్యి చాపితే అందేంత దగ్గర.

మళ్లీ గట్టు మీదికి వస్తే రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం, దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉన్నాయి. దామెర్ల ఈ ఊరివాడే. బొంబాయి జె.జె. స్కూల్‌లో చదువుకుని వచ్చి, 1925లో 28 ఏళ్లు నిండకుండానే చనిపోయారు. ఇలాంటి చోట్ల ఫొటోలు తీయొచ్చో లేదో లోపలికి వెళ్లేముందే అడగండి. నేనైతే ఫోన్ జేబులో పెట్టేశాను. ఆ గంటలో బ్యాటరీ ఒక్క శాతమే తగ్గింది.

అసలు తాగేసింది బయట ఎండ. మధ్యాహ్నం ఎండలో మ్యాప్ తెరిచి పట్టుకుని నడిచిన గంటన్నరలో బ్యాటరీ బాగా తగ్గింది. ఎండలో స్క్రీన్ కనబడాలని ఆటో బ్రైట్‌నెస్ పైకెళ్లిపోతుంది. ఫోన్ వేడెక్కితే తనే మళ్లీ తగ్గించేసుకుంటుంది, అప్పుడు అసలేం కనబడదు. కాబట్టి నీడలో ఆగి, దారి చూసుకుని, స్క్రీన్ ఆపి నడవండి. మలుపులు వాయిస్‌లో చెప్పించుకుంటే ఇంకా మంచిది.

సాయంత్రం 5:15, బ్యాటరీ 29%

మెయిన్ రోడ్డులో రోజ్ మిల్క్ తాగి మళ్లీ రేవుకి చేరాను. ఇప్పుడు సూర్యుడు నది అవతల, కొవ్వూరు వైపు దిగుతున్నాడు. ఆటోలో వదిలేస్తే హెచ్‌డీఆర్ నీడల్ని కూడా వెలిగించి సాయంత్రాన్ని మధ్యాహ్నం చేసేస్తుంది. ఆకాశం మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్ లాక్ అవుతుంది. పక్కనున్న సూర్యుడి గుర్తుని కిందికి జరిపితే వెలుగు తగ్గుతుంది. వంతెన నల్లగా, వెనక ఆకాశం ఎర్రగా వచ్చింది. నా రోజంతటిలో బాగా వచ్చిన ఫొటో ఇదే, అదీ ఏ ఏఐ సాయం లేకుండా.

సాయంత్రం 6:30, బ్యాటరీ 14%

గోదావరి హారతి మొదలయ్యే వేళకి అమ్మకి వీడియో కాల్ చేశాను. చుట్టూ అందరూ అదే పనిలో ఉన్నారు. బొమ్మ చతురస్రాలుగా విరిగిపోయి ఆగిపోయింది. కట్ చేసి మామూలు కాల్ చేశాను. రద్దీలో డేటా అందకపోయినా వాయిస్ కాల్‌కి నెట్‌వర్క్ ప్రాధాన్యం ఇస్తుంది కాబట్టి అది కలిసింది.

"వింటున్నావా అమ్మా, గంటలు?"

"నీ మాట ఒక్కటే వినిపిస్తోందిరా. ఇంకేం లేదు."

అప్పుడే బ్రిడ్జి మీద రైలు వెళ్తోంది. ఫోన్ అటు పట్టుకున్నాను. అదీ వినబడలేదంది. అప్పుడు తట్టింది. కాల్‌లో ఫోన్ మన గొంతుని మాత్రమే ఉంచి, వెనక వచ్చే చప్పుడంతా తీసేస్తుంది. నాయిస్ క్యాన్సిలేషన్ అని రివ్యూల్లో మనం మార్కులు వేసేది దీనికే. గంటలు, జనం, నది, రైలు అన్నీ దాని లెక్కలో చెత్త. అమ్మకి కావాల్సింది మాత్రం అదే.

కాల్ పెట్టేసి, ఫోన్‌లో ఉండే మామూలు రికార్డర్ యాప్ తెరిచాను. గాలి కొట్టకుండా మైక్ పక్కన అరచెయ్యి అడ్డం పెట్టి, మెట్ల మీద కదలకుండా పన్నెండు నిమిషాలు కూర్చున్నాను. హారతి గంటలు, పల్లీలమ్మే కుర్రాడి కేక, మళ్లీ ఒక రైలు. ఒక్క శాతం బ్యాటరీ ఖర్చయింది. లాడ్జికి వచ్చి వైఫైలో పంపాను.

పావుగంటకి అమ్మ ఫోన్ చేసింది. "రెండుసార్లు విన్నాను. గంటలు బాగా పట్టావురా. ఆ రైలు మాత్రం కొత్త బ్రిడ్జి మీదది. మా చిన్నప్పటి చప్పుడు ఇది కాదు" అంది.

నిజమే. ఆ చప్పుడు 1997తో ఆగిపోయింది. దాన్ని పట్టే ఫోన్ ఇప్పుడు ఎంత పెట్టినా దొరకదు. అది మోగుతున్న రోజుల్లో మా ఇంట్లో ఎవరి దగ్గరా రికార్డర్ లేదు. తర్వాత ఇంటి గురించి అడిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "పిన్ పెట్టానన్నావుగా, అది పంపు" అంది. పంపాను.

మా మాట

రోజు మొత్తానికి 17 వేల అడుగులు, 140 ఫొటోలు, చివర్లో 9% బ్యాటరీ. ఇలాంటి నడకకి ఈ ధరలో ఫోన్ చాలు. కొత్తది కొనబోతుంటే కెమెరాల సంఖ్యకన్నా ఎండలో స్క్రీన్ ఎంత బాగా కనిపిస్తుందో, జీపీఎస్ ఎంత త్వరగా దొరుకుతుందో చూసుకోండి. గోదావరి పుష్కరాలు 2015 తర్వాత మళ్లీ 2027లో వస్తాయి. అప్పుడు ఈ గట్టు మీద కాలు పెట్టడానికి చోటుండదు. నింపాదిగా నడవాలంటే మామూలు రోజుల్లోనే వెళ్లండి.

వెళ్లే ముందు ఆ ఊరు తెలిసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే పాత గుర్తులు అడిగి రాసుకోండి. వెళ్లాక ఫొటోలతో పాటు పది నిమిషాలు రికార్డర్ కూడా ఆన్ చేయండి. పన్నెండు నిమిషాల నా ఫైలు 11 ఎంబీ. గ్యాలరీలో ఒక్క సెల్ఫీ వీడియో తీసేస్తే ఇలాంటివి నాలుగు పడతాయి.