బొగ్గు కడుపు నిండితే?

పిల్లలూ! నేను హెడ్మాస్టరుగా పనిచేసిన ఒక బడిలో మంచినీళ్ళకోసం కుండల వడపోత పెట్టించాను. ఒకదానిమీద ఒకటి నాలుగు కుండలు. పై కుండలో నీళ్ళు, రెండవదానిలో బొగ్గు, మూడవదానిలో ఇసుకా గులకరాళ్ళూ, అడుగు కుండలో తేటనీరు. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. ఎనిమిది నెలలు గడిచాయి. ఒకనాడు ఆరవ తరగతి కుర్రవాడొకడు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "మేష్టారూ, నీళ్ళు పాచివాసన వస్తున్నాయండీ. చెత్తబుట్ట నిండితే పారబోస్తాం గదా, మరి బొగ్గు నిండదాండీ?" అన్నాడు.

అన్నేళ్ళు సైన్సు చెప్పినవాణ్ణి, ఆ ప్రశ్న నాకు ఒక్కనాడూ తట్టలేదు! బొగ్గు నిండుతుందా లేదా తెలియాలంటే ముందు దాని కడుపులో ఏమున్నదో చూడాలి.

బొగ్గు ద్రావణాల రంగును తీసివేస్తుందని 1785లో గమనించినవాడు లోవిట్స్. ఆయన రష్యాలో, సెయింట్ పీటర్స్‌బర్గు నగరంలో ఒక మందుల దుకాణంలో పనిచేసేవాడు. టార్టారిక్ ఆమ్లాన్ని (మన చింతపండుకు పులుపునిచ్చేది అదే) స్ఫటికాలుగా చేయబోతే, ద్రావణం కాగి కాగి గోధుమరంగుకు తిరిగేది. బొగ్గుపొడి కలిపితే తేటపడింది. పోయిన రంగు ఎక్కడ దాగినట్టు?

పెన్సిలు ములుకులోని గ్రాఫైటూ కర్బనమే, బొగ్గూ ముఖ్యంగా కర్బనమే. గ్రాఫైటులో పరమాణువులు తేనెపట్టు గదులలాగా ఆరేసి మూలలుగా కూడి, పలుచని రేకులవుతాయి. ఆ రేకులు పుస్తకంలో కాగితాల మాదిరిగా ఒద్దికగా వుంటాయి. బొగ్గులో అంత ఒద్దిక లేదు. చిన్న చిన్న రేకులు వంకరలు తిరిగి ఎటుపడితే అటు పడివుంటాయి. కాగితాలను నలిపి బుట్టలో వేసి చూడండి: కాగితం కొంతే, సందులే ఎక్కువ. బొగ్గూ అంతే.

పొయ్యిబొగ్గులో ఈ సందులు చాలావరకు తారువంటి జిగటతో మూసుకుపోయి వుంటాయి. అందుకని ఫ్యాక్టరీలలో కొబ్బరిచిప్పలను గాలి తగలకుండా కాల్చి బొగ్గుచేసి, 800 నుంచి 1000 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో దానిమీదికి నీటి ఆవిరి పంపుతారు. ఆవిరి తారును తరిమివేయటమే గాక, కర్బనాన్నికూడా కొంత కొరికి వాయువులుగా మార్చి పట్టుకుపోతుంది. కొరికినచోటల్లా కొత్త సందు! బొగ్గు బరువు తగ్గుతుంది, విలువ పెరుగుతుంది. ఇదే ఉత్తేజిత కర్బనం. ఇంట్లో నీటి ఫిల్టరుమీద "యాక్టివేటెడ్ కార్బన్" అని రాసివుండేది దీనినే. చిప్పబొగ్గు సందులలో ఎక్కువభాగం 2 నానోమీటర్లకన్న సన్ననివి. వెంట్రుక మందమే సుమారు 80,000 నానోమీటర్లంటే, ఆ సందులు ఎంత సన్ననివో మీరే ఊహించుకోండి.

సందులవల్ల లాభమేమిటి? బెల్లపు ముక్క ఒకటి, ప్రతి అంచూ 1 సెంటీమీటరు వుండేటట్టు కోశారనుకోండి. ఆరు ముఖాలు, మొత్తం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్ని సమంగా ఎనిమిది ముక్కలు చేస్తే బెల్లం పెరగలేదు గాని, పైముఖాల వైశాల్యం 12 అయింది! (లెక్క వేసి చూడండి, నా మాట నమ్మకండి.) సందులు పెరిగినకొద్దీ గోడలు పెరుగుతాయి. మంచిరకం ఉత్తేజిత కర్బనం 1 గ్రాము చెంచాలో సగంకూడా నిండదు. దాని లోపలి గోడలన్నీ పరిస్తే 1000 చదరపు మీటర్లుంటాయి. కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు గదా? అలాంటివి ఏడు పరిచినా ఇంకా చోటు మిగులుతుంది!

ఆ గోడలే రంగునూ వాసననూ పట్టుకునేవి. లోపలి పరమాణువును అన్నివైపులనుంచీ తోటి పరమాణువులు లాగుతుంటాయి. గోడమీది పరమాణువుకు ఒకవైపు ఎవరూ లేరు. అటుగా వచ్చిన అణువును అది తనవైపు లాక్కుంటుంది. బట్ట నీటిని పీల్చుకున్నట్టు కాదిది, పల్లేరుకాయలు పంచెకు అంటుకున్నట్టు. దీనికి అధిశోషణమని పేరు.

గోడలన్నిటిదీ ఒకే స్వభావం కాదు. రేకుల అంచులలో ఆక్సిజన్ చేరినచోట నీటితో స్నేహం ఎక్కువ. సీసంవంటి లోహాలు నీటిలో వుంటే అక్కడ పట్టుబడతాయి. ఆక్సిజన్ లేనిచోట నీరంటే గిట్టదు. రంగులూ వాసనలూ అక్కడ బాగా అంటుకుంటాయి. కుళాయినీటిలోని క్లోరిన్‌నైతే బొగ్గు పట్టుకుని ఊరుకోదు, క్లోరైడుగా మార్చివేస్తుంది. నీటిలో కరిగిన ఉప్పును మాత్రం ఏమీ చేయలేదు.

1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మను సైన్యం క్లోరిన్ వాయువును వదిలింది. ఆ ఏడే రష్యాలో జెలిన్‌స్కీ అనే రసాయనశాస్త్రజ్ఞుడు సైనికులకోసం బొగ్గు నింపిన ముసుగు తయారుచేశాడు. 1918లో అమెరికాలో మీవంటి పిల్లలు ఇలాంటి ముసుగుల బొగ్గుకోసం పీచ్‌పండ్ల టెంకలు పోగుచేసి ఇచ్చారు. కాని ఎంత మంచి ముసుగైనా కొంతసేపే. గోడలన్నీ నిండిపోతే తరువాత వచ్చే విషానికి చోటులేదు.

మా కుర్రవాడి ప్రశ్నకు జవాబు దొరికింది గదా! బొగ్గు నిండుతుంది. అంతటితో పోలేదు. బొగ్గు సూక్ష్మజీవులను చంపదు. క్లోరిన్‌ను తీసివేసి, ఆహారాన్ని గోడలమీద పోగుచేసి, వాటికి ఇల్లు కట్టిపెడుతుంది కూడా. నీరు తేటగా కనిపిస్తూనే జబ్బు చేయవచ్చు. ఎనిమిది నెలలు నేను పిల్లలచేత తాగించింది అటువంటి నీరే. ఎవరికీ ఏమీ కాకపోవటం మా అదృష్టం. నిండిన బొగ్గును కడిగినందువల్ల కొత్తది కాదు. ఫ్యాక్టరీలో మళ్ళీ ఎర్రగా కాల్చితేనే ఆ గోడలు ఖాళీ అవుతాయి.

ఆ సాయంత్రమే కుండలు దింపించి, బొగ్గు పారబోయించి, కొత్తది వేయించాను. వడిసిన నీటిని కాచి చల్లార్చి ఇచ్చే ఏర్పాటు చేశాను. కుండమీద సుద్దముక్కతో బొగ్గు మార్చిన తేదీ రాశాను. ఆ తరువాత ఆ కుర్రవాడు ఎప్పుడు నీళ్ళకు వచ్చినా ముందు ఆ తేదీ చదివి, వేళ్ళమీద వారాలు లెక్కపెట్టి, అప్పుడుగాని గ్లాసు అందుకునేవాడు కాడు.