‘గీతాంజలి’ సినిమా ఇప్పటికీ మనల్ని ఎందుకు కదిలిస్తుంది?



ఆరోగ్య పత్రికలో సినిమా సంగతులేమిటి అని మీరు అనుకోవచ్చు. కానీ ఈ సినిమాలో కథానాయకుడూ రోగే, కథానాయికా రోగే. ఇద్దరికీ ఎక్కువ రోజులు లేవని డాక్టర్లు చెప్పేశారు. అలాంటి కథ మొదటి నుంచి చివరి దాకా ఏడుపుతో నిండి ఉండాలి. అయినా 1989లో విడుదలైన ‘గీతాంజలి’ టీవీలో వచ్చిందంటే నేటికీ ఇంటిల్లిపాదీ కూర్చొని చూస్తారు, నవ్వుతారు, కళ్లు తుడుచుకుంటారు. చావు దగ్గరపడిన ఇద్దరి కథ చూసి, బతుకు మీద ప్రేమతో లేస్తారు. ఇది ఎలా జరుగుతుంది? మంచాన ఉన్నవారికి, వారికి సేవ చేస్తున్న కుటుంబాలకు పనికివచ్చే విషయం ఇందులో ఒకటి ఉంది. అందుకే దీని గురించి రాస్తున్నాము.

కథ క్లుప్తంగా

దర్శకుడు మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన సినిమా ఇదొక్కటే. నాగార్జున, గిరిజ నటించారు. సంగీతం ఇళయరాజా, పాటలు వేటూరి, కెమెరా పి.సి. శ్రీరాం. ఆరోగ్యకరమైన వినోదాన్ని అందించిన ఉత్తమ ప్రజాదరణ చిత్రంగా దీనికి జాతీయ అవార్డు వచ్చింది.

ప్రకాశ్ అప్పుడే చదువు ముగించిన హుషారైన యువకుడు. ఒక ప్రమాదం తర్వాత చేసిన పరీక్షల్లో అతనికి క్యాన్సర్ ఉన్నట్లు తెలుస్తుంది. ఇంట్లోవాళ్ల దుఃఖం చూడలేక ఒంటరిగా ఊటీకి వెళ్లిపోతాడు. అక్కడ గీతాంజలి అనే అల్లరి పిల్ల పరిచయమవుతుంది. కనిపించిన వాళ్లనల్లా ఆటపట్టించే ఆ అమ్మాయికి నయంకాని గుండెజబ్బు ఉందని అతనికి తరువాత తెలుస్తుంది. ఇద్దరూ ఒకరినొకరు ప్రేమించుకుంటారు.

మనసును తాకేది ఏమిటి?

జబ్బు ఇద్దరికీ ఉంది. కానీ మొదట్లో వాళ్లు బతికే తీరు వేరు. ప్రకాశ్ ఇంకా నడవగలడు, తినగలడు, తిరగగలడు. అయినా బతకడం అప్పుడే మానేసినవాడిలా ఉంటాడు. గీతాంజలికి తన సంగతి బాగా తెలుసు. పుట్టిన ప్రతి ప్రాణీ ఎప్పుడో ఒకప్పుడు పోయేదే, తాను కాస్త ముందు పోతుంది, అంతే అన్నట్లుగా ఉంటుంది. ఈ రోజు చేతిలో ఉంది కదా అన్నదే ఆమెకు ముఖ్యం.

ఆమె దగ్గర ప్రకాశ్ నేర్చుకున్నది ఇదే. జబ్బు మనిషి రోజులను తగ్గించవచ్చు. మిగిలిన రోజులను కూడా ముందుగానే దానికి అప్పగించనవసరం లేదు. సినిమా చివరన కూడా వాళ్లు ఎన్నాళ్లు బతికారో చెప్పరు. ఇద్దరూ కలిసి ఉండగానే కథ ముగుస్తుంది. లెక్క చెప్పకుండా వదిలేసినందువల్లనే మనం వాళ్లను రోగులుగా గాక మనుషులుగా గుర్తుపెట్టుకుంటాము.

దాచిన నిజం, తెలిసిన నిజం

ఈ సినిమాలో మరొక సంగతి చాలామంది గమనించరు. గీతాంజలి జబ్బు ఆమెకు తెలుసు, అందుకే ఆమెకు ఆ స్వేచ్ఛ. ప్రకాశ్ తన జబ్బును ఆమె దగ్గర దాచాడు. అది వేరేవాళ్ల ద్వారా తెలిసినప్పుడు, అంతవరకు చావునే ఆటపట్టించిన ఆ పిల్ల తట్టుకోలేకపోతుంది. ఎదురుగా ఉన్న కష్టం కంటే దాచిన కష్టమే ఆమెను ఎక్కువగా దెబ్బతీసింది.

మన ప్రాంతంలో ఇది రోజూ జరిగేదే. పెద్దముడియం పల్లెల నుంచి వచ్చినా, ప్రొద్దుటూరు, పులివెందుల నుంచి వచ్చినా, పెద్ద జబ్బు అని తేలగానే కొడుకో కూతురో డాక్టరును పక్కకు పిలిచి చెప్పే మాట ఒక్కటే: “మా నాయనకు మాత్రం చెప్పొద్దు సార్, బెదిరిపోతాడు.” ఇది ప్రేమతో అనే మాటే. కానీ ఆ నాయనకు అప్పటికే అనుమానం ఉంటుంది. గుసగుసలు, ఎర్రబడిన కళ్లు, ఉన్నట్టుండి పెరిగిన మర్యాద చూస్తూనే ఉంటాడు. పిల్లలు బాధపడతారని ఆయన అడగడు. ఆయన బాధపడతాడని పిల్లలు చెప్పరు. ఒకే ఇంట్లో ఉండి అందరూ ఒంటరివాళ్లవుతారు. పొలం లెక్కలు, చెల్లెలితో ఏళ్ల నాటి మాటపట్టింపు, మనవరాలికి చెప్పాలనుకున్న మాట, అన్నీ అలాగే మిగిలిపోతాయి.

వైద్యం చెప్పేది కూడా ఇదే

రోగం నయం కాకపోయినా మనిషికి చేయవలసింది చాలా ఉందని వైద్యలోకానికి గట్టిగా చెప్పిన వారిలో సిసిలీ సాండర్స్ ఒకరు. ఆమె 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పైస్ స్థాపించారు. నొప్పి శరీరానిదే కాదు, మనసుకు, కుటుంబానికి, ఆత్మకు కూడా ఉంటుందని ఆమె బోధించారు. మన దేశంలో మొదటి హాస్పైస్ శాంతి అవేదనా సదన్ 1986లో ముంబైలో మొదలైంది.

బాధ తగ్గించే ఈ వైద్యాన్ని ఉపశమన చికిత్స అంటారు. ఇది చివరి రోజుల్లో మాత్రమే ఇచ్చేదని చాలామంది అనుకుంటారు. కానీ 2010లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశోధన వేరే సంగతి చెప్పింది. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మామూలు చికిత్సతో పాటు మొదటి నుంచే ఉపశమన చికిత్స ఇచ్చారు. వారిలో దిగులు తగ్గింది, రోజులు మెరుగ్గా గడిచాయి. అంతేకాదు, మామూలు చికిత్స మాత్రమే పొందినవారు మధ్యస్థంగా 8.9 నెలలు బతికితే, వీరు 11.6 నెలలు బతికారు. నొప్పి తగ్గించుకోవడం, మనసు విప్పి మాట్లాడుకోవడం ఆశ వదులుకోవడం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

సినిమా వేరు, చికిత్స వేరు

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. గీతాంజలిలాగా గుండెజబ్బు ఉన్నవారు వానలో గంతులు వేయకూడదు. ఎంత శ్రమ పడవచ్చో డాక్టరును అడిగి తెలుసుకోండి. ప్రేమ మందులకు తోడే గాని మందులకు బదులు కాదు.

అలాగే, 1989 నాటి కథను చూసి నేటి రోగం ముగింపు ఊహించుకోకండి. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే ఒక రకం రక్త క్యాన్సరుకు 2001లో ఇమాటినిబ్ అనే మాత్ర వచ్చాక, రోజూ మాత్ర వేసుకుంటూ ఏళ్ల తరబడి బతికేవారు ఎందరో ఉన్నారు. ఒకప్పుడు గుండె ఆపరేషన్ అంటే పేద ఇంట్లో భూమి అమ్ముకోవలసిందే. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో కొంతకాలం డాక్టరుగా పనిచేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు ముఖ్యమంత్రిగా ఉండగా 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక ఎన్నో కుటుంబాలకు ఆ దారి తెరుచుకుంది. ఆ పథకం పేరు 2024లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా మారింది. కాబట్టి “ఇంక లాభం లేదు” అని మీకు మీరే తీర్మానించుకొని చికిత్స మానవద్దు.

ఇంట్లో మనం చేయగలిగినవి

1. రోగికి ఏమి తెలుసో, ఏమి తెలుసుకోవాలనుందో ముందు మెల్లగా అడగండి. అడిగినంత చెప్పండి. వినడం ఇష్టం లేనివారికి బలవంతంగా చెప్పవద్దు.

2. అబద్ధం చెప్పవద్దు, గడువులు కూడా పెట్టవద్దు. ఫలానా రోజు వరకే అని ఏ డాక్టరూ కచ్చితంగా చెప్పలేడు.

3. నొప్పి ఓర్చుకోవడం గొప్ప కాదు. వెంటనే డాక్టరుకు చెప్పండి. డాక్టరు చెప్పిన మోతాదులో వాడే మార్ఫిన్ క్యాన్సర్ నొప్పికి మంచి మందు. అది సులభంగా అందేలా 2014లో చట్టాన్ని కూడా సవరించారు.

4. ఇంటి విషయాల్లో వారి సలహా అడగండి. చేతనైతే చెనిక్కాయలు ఒలవడం వంటి చిన్న పని ఇవ్వండి. తాను ఇంకా పనికివస్తానన్న భావం మనిషిని నిలబెడుతుంది.

5. క్యాన్సర్, గుండెజబ్బు అంటుకునేవి కావు. పిల్లలను దూరంగా ఉంచకండి.

6. పలకరించడానికి వెళ్లినవారు మంచం పక్కన శోకాలు పెట్టవద్దు. ఊరి కబుర్లు చెప్పండి, నవ్వించండి. పాస్టరు గారు రావాలని రోగి కోరితే పిలవండి.

7. సేవ చేసేవారికీ నిద్ర, తిండి కావాలి. బంధువులు వంతులు వేసుకోండి.

ఈసారి ‘గీతాంజలి’ టీవీలో వస్తే ఇంట్లో జబ్బుతో ఉన్నవారిని లోపలి గదిలో వదిలేసి చూడకండి. వారి మంచాన్ని కూడా టీవీ దగ్గరకు జరపండి. సినిమా అయిపోయాక వాళ్లు ఏదైనా చెప్పాలనుకుంటే, మాట మార్చకుండా వినండి.